దిగుడుబావి నేర్పిన పాఠము

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట వ్యర్థమని పెద్దలు చెప్పుదురు. ఈ సామెత నెఱుగనివారు తెలుగునాట అరుదు. అయినను ఆరోగ్యవిషయమున మానవుడు దీనిని తఱచు మఱచుచుండును. జ్వరము వచ్చినపుడు వైద్యుని యొద్దకు పోవును, ఔషధము సేవించును, జ్వరము తగ్గినంతనే అది ఏల వచ్చెనను ప్రశ్నను కూడ మఱచిపోవును. రోగికి తన బాధ కనబడును. వైద్యునికి రోగి కనబడును. ఆ బాధ పుట్టిన చోటు మాత్రము ఎవరి కంటను బడదు. అది బావి కావచ్చును, మురుగుకాలువ కావచ్చును, పొగ నిండిన వంటయిల్లు కావచ్చును. అది ఉన్నచోటనే యుండి, నేడు ఒకనిని పడవేసినట్లే రేపు మఱొకనిని పడవేయును.

రోగమును కుదుర్చుటయు, రోగము రాకుండ చూచుటయు రెండును వైద్యధర్మములే. మొదటిది లేనిచో రోగికి దిక్కు లేదు. రెండవది లేనిచో రోగుల సంఖ్య తగ్గదు. ఈ రెండింటికిని గల సంబంధమును తెలిసికొనుటకు నారికురుపు అను వ్యాధి చరిత్ర మిక్కిలి ఉపకరించును. ఏలయనగా, ఆ వ్యాధిని మన దేశము జయించినది మందుతో గాదు, టీకాతోను గాదు. వడకట్టు గుడ్డతోను, బావిచుట్టు గోడతోను, ఇల్లిల్లు తిరిగి చెప్పిన మంచిమాటతోను.

నారికురుపు మిక్కిలి పురాతనమైన వ్యాధి. ఈజిప్టు దేశపు మమ్మీ యొకదానియందు ఈ పురుగు సున్నమువలె గట్టిపడి యుండుటను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఐరోపావారు ఆఫ్రికాఖండపు పశ్చిమతీరమందలి గినీ ప్రాంతమున దీనిని చూచి, గినీ పురుగు అని పేరు పెట్టిరి. వింటినారివలె సన్ననై, రెండు మూడడుగుల పొడవు గల ఆడుపురుగు మనుష్యుని చర్మము క్రింద పెరుగును. అట్లు పెరిగి, ఒకనాడు పాదముననో పిక్కయందో బొబ్బ లేపి, ఆ బొబ్బ చిట్లగా తల వెలికి చాచును. అప్పుడు కలుగు మంట నిప్పు తగిలినట్లుండును.

దానిని ఒక్క పెట్టున లాగరాదు. లాగినచో తెగును. తెగినచో లోపల మిగిలిన భాగమువలన కాలు వాచి, చీముపట్టి, ఒక్కొక్కప్పుడు కీలు శాశ్వతముగా బిగిసిపోవును. కావున పురుగుకొనను చిన్నపుల్లకు చుట్టి, దినమునకు కొంచెము కొంచెముగా త్రిప్పుచు వెలికి తీయుదురు. ఇది ముగియుటకు వారముల తరబడి పట్టును. ఈ పుల్ల ఉపాయము వేల సంవత్సరములనుండి యున్నదే. నేటికిని ఇంతకంటె మేలైన చికిత్స లేదు. ఈ పురుగును చంపు మందు లేదు. ఈ వ్యాధి రాకుండ కాపాడు టీకా లేదు. ఒకమాఱు వచ్చి పోయినవానికి మఱల రాదను నమ్మకమును లేదు.

ఈ వ్యాధి ప్రాణము తీయుట అరుదు. అయినను ఇది సంసారమును క్రుంగదీయును. దుక్కి దున్నవలసిన వేళ తండ్రి మంచము పట్టినచో పొలము బీడుపడును, లేదా కుమారుడు బడి మాని నాగలి పట్టును. తల్లి మంచము పట్టినచో కుమార్తె బడి మాని చంటిబిడ్డను చంకనెత్తుకొనును. ఆఫ్రికాలోని మాలి దేశమందు డోగాన్ అను జాతివారు దీనిని గాదెలను ఖాళీచేయు జబ్బని పిలిచెడివారు. రోగము శరీరమునకే గాక గాదెకును తగులునని ఆ రైతులు అనుభవమున తెలిసికొనిరి.

ఇంతటి పురుగు మనుష్యుని శరీరములోనికి ఎట్లు వచ్చుచున్నదను విషయము బహుకాలము రహస్యముగనే యుండెను. కొందఱు రక్తదోషమనిరి, కొందఱు దైవాగ్రహమనిరి. 1870 ప్రాంతమున అలెక్సీ ఫెడ్చెంకో అను రష్యా శాస్త్రజ్ఞుడు తుర్కిస్తానులో పరిశోధించి ఆ ముడిని విప్పెను. మంచినీటి బావులలోను, కుంటలలోను సైక్లోప్సు అను మిక్కిలి చిన్న ప్రాణి కలదు. అది కంటికి చుక్కవలె కనబడీ కనబడక యుండును. నీటిలో పడిన నారికురుపు పురుగు పిల్లలను ఆ ప్రాణి మ్రింగును. దాని లోపల రెండు వారములు గడచునప్పటికి ఆ పిల్లలు మనుష్యునకు సోకదగిన స్థితికి వచ్చును. వడకట్టని నీటితోపాటు మనుష్యుడు ఆ ప్రాణిని త్రాగును. కడుపులో ఆ ప్రాణి చచ్చును, పురుగుపిల్లలు చావవు. అవి ప్రేగులను తొలుచుకొని పోయి లోపల పెరుగును. సుమారొక సంవత్సరము వఱకు మనుష్యునకు ఏ జాడయు తెలియదు. పిమ్మట బొబ్బ లేచును.

అప్పుడు రోగి చేయు పనియే ఈ కథకెల్ల కీలకము. కాలు మండుచుండగా ఎవ్వరికైనను చల్లని నీటిలో కాలుంచవలెనని తోచును. నీరు తగిలినంతనే ఆ పురుగు లక్షలకొలది పిల్లలను నీటిలోనికి విడుచును. రోగికి కొంత ఉపశమనము కలుగును. ఊరికి మఱుసటి యేటి వ్యాధి సిద్ధమగును. ఆ రోగి దుర్మార్గుడు గాడు. తాను పొరుగువారికి కీడు చేయుచున్నానని వానికి తెలియదు. వాడును నిరుటి సంవత్సరము మఱెవ్వరో కాలు పెట్టిన నీటినే త్రాగి యీ యాతనపాలయ్యెను.

మన దేశమున ఈ వ్యాధికి ముఖ్యమైన నెలవు దిగుడుబావి. వానలు తక్కువగా కురియు ప్రాంతములలో మన పూర్వులు భూమి లోతున నున్న నీటిని అందుకొనుటకై మెట్లు కట్టిన బావులను త్రవ్వించిరి. ఎన్నియో ఊళ్లకు అవి ప్రాణాధారములు. స్త్రీలు బిందెలతో మెట్లు దిగి, మోకాలిలోతు నీటిలో నిలిచి, బిందె ముంచుకొని పైకెక్కుదురు. దాహము తీర్చు ఆ మెట్లే వ్యాధికిని మార్గమయ్యెను. నీటిలో కాలు పెట్టక నీరు తెచ్చుకొనుటకు వీలులేని బావియందు ఒక్క రోగి దిగినను చాలును, ఊరంతయు ఆ నీటినే త్రాగును గదా.

అట్టి యూరిలో గొప్ప వైద్యుడొకడు కాపురముండెననుకొందము. అతడు ఓర్పుతో ప్రతి రోగికిని పుల్ల చుట్టును, పుండు కడుగును, కట్టు కట్టును. ఆ యేడు నలువదిమందికి చికిత్స చేసినచో, మఱుసటి యేడు మఱి నలువదిమంది వాని గుమ్మము ముందు నిలుతురు. అతని నైపుణ్యమునకు లోటు లేదు. దయకును లోటు లేదు. అయినను బావి మాఱనంత వఱకు రోగుల సంఖ్య మాఱదు. ఆ వైద్యుడు ఒక్కదినము తన గది విడిచి బావిగట్టునకు పోయి నిలిచి చూచినచో, ఇంటియొద్ద ఏండ్ల తరబడి చేసిన చికిత్స తెలుపని సంగతి అతనికి అక్కడ తెలియును.

ఈ వ్యాధి గొలుసును త్రెంచుటకు మూడు చోట్లు కలవు. త్రాగునీటిని సన్నని గుడ్డతో వడకట్టినచో సైక్లోప్సు కడుపులోనికి పోదు. బొబ్బ లేచినవాడు నీటిలో దిగకున్నచో పురుగుపిల్లలు నీటిలో పడవు. దిగుడుబావిని మూసి చేదబావిగా మార్చినను, చేతిపంపు వేసినను ఎవ్వరి కాలును నీటికి తగులదు. ఇవి గాక, టెమిఫాస్ అను రసాయనమును తగిన కొలతలో నీట కలిపినచో, త్రాగువారికి హాని కలుగకయే సైక్లోప్సు నశించును. ఈ పనులలో ఏ యొక్కటియు గొప్ప విద్య నపేక్షింపదు. అయితే ఏ యొక్కటియు ఒక్కని వలన నగునది కాదు. ఊరిలో తొంబదిమంది వడకట్టి త్రాగినను, పదిమంది త్రాగకున్నచో, ఆ పదిమంది కాళ్లనుండి వ్యాధి మఱల బావిని చేరును.

1983–84 సంవత్సరమున భారతప్రభుత్వము నారికురుపు నిర్మూలన కార్యక్రమమును చేపట్టెను. అప్పుడు ఈ వ్యాధి రాజస్థాన్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటక, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ అను ఏడు రాష్ట్రములలో నుండెను. నేటి తెలంగాణము నాటి ఆంధ్రప్రదేశ్‌లోనిదే. 1984లో లెక్కింపగా 12 వేలకు పైబడిన గ్రామములలో సుమారు 40 వేలమంది రోగులు తేలిరి. ఆరోగ్యకార్యకర్తలు ఏటేట ఇల్లిల్లు తిరిగి రోగులను వెదకిరి. రోగి తమ యొద్దకు వచ్చు వఱకు ఆగక, తామే రోగి యొద్దకు పోయిరి. ఇది చిన్న మార్పుగా కనబడవచ్చును. నిజమునకు వైద్యము నడచు దిక్కే దీనితో మాఱెను.

పని మాటలలో చెప్పినంత సులువుగా సాగునది కాదు. తాతముత్తాతలు త్రాగిన నీరు చెడ్డదని ఎవ్వరైన వచ్చి చెప్పినచో ఊరివారికి నమ్మకము కుదురదు. బావిలో మందు కలుపుదుమన్నచో భయపడుట సహజము. తేటగా, తియ్యగా నున్న నీటిలో కంటికానని ప్రాణి యున్నదని చెప్పుట కంటె, దానిని చూపుట మేలు. బావినీటిని గాజుగ్లాసులో పోసి వెలుతురున కెత్తి చూపినచో, తెల్లని చుక్కలు కదలుట కనబడును. అట్లు కన్నులార చూచిన తల్లికి, నీరు వడకట్టుమని రెండవమాఱు చెప్ప నక్కఱ లేదు.

నీరు తెచ్చునది స్త్రీలు. వడకట్టునది స్త్రీలు. కావున ఈ పనిలో వారే ముందు నిలువవలసి యుండెను. 1980ల దశకమున దక్షిణ రాజస్థానమందలి డుంగర్‌పూర్ మొదలగు జిల్లాలలో గ్రామీణస్త్రీలు చేతిపంపులను బాగుచేయు విద్య నేర్చిరి. పంపు చెడినచో పట్టణమునుండి మేస్త్రీ వచ్చు వఱకు ఊరివారు మఱల దిగుడుబావికే పోవలసి వచ్చును. ఆ స్త్రీలే పనిముట్లు చేతబట్టి పంపును విప్పి, చెడిన భాగమును మార్చి బిగించిరి. పంపును నాటించుట ఒక యెత్తు. అది చెడకుండ చూచుకొనుట మఱొక యెత్తు. ఆ రెండవ పని ఊరివారు తమదిగా భావించినచోటనే మార్పు నిలుచును.

రోగి విషయమునను ఒక చిక్కు కలదు. నీటిలో దిగవద్దని వానికి చెప్పుట సులభము. కాని వాని యింటికి నీరెవరు తెత్తురు? వాని కాలిమంట నెవరు చల్లార్తురు? ఈ ప్రశ్నలకు బదులు చెప్పక బావి చుట్టు కాపలా పెట్టినచో, వాడు రాత్రివేళ ఎవరును చూడకుండ నీటిలో దిగును. పొరుగువారు ఒక బిందెడు నీరు వాని గడపలో పోసి, వేఱొక పాత్రలో నీరు పోసి కాలు చల్లార్చుకొమ్మని, ఆ నీటిని బావికి దూరముగా పొడినేలపై పారబోసినచో, వానికిని మేలు, ఊరికిని మేలు. ప్రజారోగ్యమనగా రోగిని వెలివేయుట గాదు. రోగి భారమును ఊరు పంచుకొనుట.

ఇట్లు పదిపన్నెండేండ్లు శ్రమింపగా రోగుల సంఖ్య వేలనుండి వందలకు, వందలనుండి పదులకు దిగెను. రోగులు తఱిగిన కొలది వారిని వెదకుట కష్టతరమయ్యెను. అప్పుడు రోగిని చూపినవారికి బహుమానమిత్తుమని ప్రకటించిరి. ఎక్కడనో ఒక్క రోగి మిగిలి, ఒక్క బావిలో దిగినను శ్రమయంతయు వృథా యగును. 1996 జూలైలో రాజస్థానములోని జోధ్‌పూర్ జిల్లాలో కడపటి రోగి కనబడెను. అటుపిమ్మట మూడేండ్లకు పైగా ఎంత వెదకినను మఱొకడు కనబడలేదు. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్యసంస్థ, భారతదేశము నారికురుపునుండి విముక్తి పొందెనని ప్రకటించెను.

ఇతర దేశములలోను ఈ యత్నము సాగెను. 1986లో ప్రపంచమున సుమారు 35 లక్షలమంది ఈ వ్యాధికి గుఱియగుచుండిరి. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ స్థాపించిన కేంద్రము ఆ సంవత్సరమునుండి ఈ పనికి పూనుకొనెను. సూడానులో అంతర్యుద్ధము సాగుచుండగా, 1995లో ఆయన మధ్యవర్తిత్వమున ఉభయపక్షములును కొన్ని నెలలు పోరు నిలిపిరి. ఆ వ్యవధిలో ఆరోగ్యకార్యకర్తలు గ్రామములకు పోయి నీరు వడకట్టు గుడ్డలను పంచగలిగిరి. అచ్చటి సంచారజీవులకు మెడలో వ్రేలాడదీసికొనుటకు వీలైన చిన్నగొట్టముల నిచ్చిరి. దానితో పీల్చినచో నీరు వడకట్టబడి నోటికి వచ్చును. 2024లో ప్రపంచమంతటను ఈ వ్యాధి సోకినవారు 15 మంది మాత్రమే. కార్టర్ తన నూఱవ యేట, ఆ సంవత్సరము డిసెంబరులోనే, కన్నుమూసెను. కుక్కలు మొదలగు జంతువులకును ఈ పురుగు సోకుచుండుటచే చివరి యంకము ఇంకను ముగియలేదు. మశూచిని టీకా నిర్మూలించెను. నారికురుపు నశించినచో, టీకాయు మందును లేక జనుల నడవడి మాఱుటచేతనే నశించిన మొదటి మానవవ్యాధి అదియే యగును.

ఈ పాఠము ఒక్క పురుగుతో ముగియునది కాదు. 1937లో నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధిని శాస్త్రజ్ఞులు గుర్తించి వ్రాసిరి. నల్లగొండ జిల్లాలోని పల్లెలను ఆ వ్యాధి తరతరములుగా పీడించెను. అచ్చటను దోషము నీటిదే; కాని పురుగు గాక, రాళ్లనుండి దిగిన ఫ్లోరైడు దానికి కారణము. పళ్లు గారపట్టి, ఎముకలు వంగినవారికి వాటిని చక్కదిద్దు మందు లేదు. పటిక, సున్నము మొదలగువానితో నీటిని శుద్ధిచేయు పద్ధతికి నల్లగొండ పేరే నిలిచెను. పిమ్మట కృష్ణాజలములు గొట్టములలో ఆ పల్లెలకు చేరెను. ఇంట నిలువయుంచిన నీటిలో పుట్టు దోమ డెంగీని తెచ్చుచున్నది. ఉప్పు, పొగాకు, మితిమీరిన తిండి, కదలని జీవితము మెల్లమెల్లగా గుండెజబ్బునకు దారితీయుచున్నవి. ఈ వ్యాధులకును ఒక్కొక్క దిగుడుబావి కలదు. దానిని వెదకి కనుగొనవలెను.

ఈ భావము మన దేశమునకు క్రొత్తది గాదు. జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1946లోనే, చికిత్సయు నివారణయు ఒకే చోటనుండి సాగవలెనని సూచించెను. 1978లో ఆల్మా అటా నగరమున సమావేశమైన ప్రపంచదేశములును ప్రాథమిక ఆరోగ్యరక్షణమే అందఱి ఆరోగ్యమునకు మార్గమని చాటినవి. అయినను ఎత్తైన ఆసుపత్రి కట్టించినవానికి వచ్చు పేరు, మురుగుకాలువ బాగుచేయించినవానికి రాదు.

దీనివలన చికిత్స తక్కువదని తలంపరాదు. పాము కఱచినవానికి, కాన్పుకష్టము వచ్చిన తల్లికి ఆసుపత్రియే శరణ్యము. క్షయరోగికి చికిత్స పూర్తిగా జరిగినచో వానినుండి ఇతరులకు వ్యాధి సోకదు. అచ్చట చికిత్సయే నివారణ మగును. చికిత్సయు నివారణయు ఒండొంటికి శత్రువులు గావు. కాని చికిత్స కనబడును, నివారణ కనబడదు. ప్రాణము కాపాడిన వైద్యునికి రోగి జీవితాంతము నమస్కరించును. రాని వ్యాధినుండి తప్పించుకొన్నవానికి తాను తప్పించుకొంటినని కూడ తెలియదు. ఆ కారణముచేత, బావికి గోడ కట్టినవాని పేరును, గుడ్డ పంచిన కార్యకర్త పేరును ఎవ్వరును స్మరింపరు.

నేడు మన దేశమున ఎనిమిదవ తరగతి చదువు బాలబాలికలకు నారికురుపు అనగా ఏమో నిఘంటువు చూచిగాని తెలియదు. వారి తాతలకు, అవ్వలకు అది ఇంటి మాటయే. ఒక వ్యాధిపేరు వాడుకనుండి జాఱి నిఘంటువులో మిగులుటకు వేలమంది ఎండలో ఊరూరు తిరిగిరి. లక్షలమంది తల్లులు దినదినము నీరు వడకట్టిరి. ఆ తల్లులకు దక్కిన బిరుదులు లేవు. వారి మనుమలు రెండు కాళ్లతో బడికి నడచి పోవుచున్నారు.